రిజర్వు

పగలంతా ఆటోనగర్లో
ఊళ్లోవాళ్ల బళ్లు ఎక్కి దిగి, విని, విప్పి,
షట్టరు దించి, కిరోసినుతో చేతులు కడుక్కుని
సింగ్‌నగర్ చేరి అన్నం తిన్నాక
రాత్రి పదకొండింటికి మళ్లీ ఒక బండెక్కుతాను.

దీనికి నంబరు ప్లేటు లేదు.
ట్యాంకులో పెట్రోలు గుక్కెడు.
అడవి దాటితే ఎవడో వదిలేసిన బంకు,
బంకు వెనక చచ్చి తిరుగుతున్నవాళ్లు.
"మెల్లగా నాన్నా, చప్పుడికి లేస్తారు"
దుప్పట్లోంచి కెజియా, కళ్లు మూసుకునే.
రేపు దానికి లెక్కల పరీక్ష.

రీమాస్టరంట. పాతదానికే కొత్త పాలిషు.
ఈ పని నాకు తెలీనిదా?
సొట్ట తీసి, పుట్టీ పెట్టి, రంగు కొట్టి
పదేళ్ల బండిని పెళ్లికొడుకుని చేసి నిలబెడతాం.
లోపల అదే పిస్టను, అదే దగ్గు.
కానీ ఒప్పుకోవాలి, గడ్డి బాగా చేశారు.
పరక మీద పరక నీడ.
వానలో ట్యాంకు మీంచి చినుకు జారే తీరు చూద్దామని
ఓసారి ఊరికే ఆగాను.
వెనకనుంచి ఒకడొచ్చి భుజం కొరికాడు.

నవ్వొచ్చేది ఒక్కచోటే.
ఇంజను పొగ కక్కుతుంటే హీరో మోకాలేసి కూర్చుంటాడు,
రెండు తుక్కు ముక్కలు, స్పానరు మూడు తిప్పులు, ఐపోయింది.
గోళ్లల్లో మడ్డి లేదు, "ఎంతవుద్ది?" అనే మనిషి లేడు.
ఖాజాకి చూపిస్తే,
"అన్నా, వీడు ఆటోనగర్లో దిగితే
మనం టీకొట్టు పెట్టుకోవాల్సిందే" అన్నాడు.

పాత ఆట పాత పెట్టెలో ఆడేవాణ్ణి.
ఆ యేడు బుడమేరు ఇంట్లోకొచ్చింది.
మంచం మీదికి, మంచం మీంచి టీవీ మీదికి.
పెట్టె వారం రోజులు బురదలో ఉంది.
విప్పాను. పళ్ల బ్రష్షు పెట్టి, పెట్రోలు పెట్టి,
పక్కవీధి సెలూనులో డ్రయ్యరు అరువు తెచ్చి.
ఫ్యాను తిరిగింది, దీపం వెలిగింది, ఆట మాత్రం లేవలేదు.
"ఫ్రిజ్జు పోయింది, బీరువా పోయింది,
నువ్వు దీని ముందు కూచుని ఏడుస్తున్నావా?" అంది దయామణి.
ఏడవట్లేదు, బాగుచేస్తున్నా అన్నాను.
నాకు ఆ రెండూ ఒకేలా వస్తాయి.

ఇవాళ ఆటలో తెల్లవారుతుంటే
కొండ మీంచి చూద్దును కదా, మంద.
నాలుగొందలమందికి తక్కువుండరు.
ఏటి వైపు, ఒకళ్ల వెనక ఒకళ్లు.
తూటాలు నలభై, సీసాబాంబులు మూడు.
ఇదివరకైతే వేళ్లు దురద పెట్టేవి.

ఆ నడక నాకు తెలుసు.
మూడు రోజులు మేడమీంచి అదే చూశాను.
నడుంలోతు నీళ్లలో, చేతులు పైకెత్తి,
ఎవరూ ఎవరితో మాట్లాడకుండా
ఫ్లైఓవరు వైపు.
నెత్తిన సిలిండరు. స్టీలు బేసిన్లో పసిపిల్ల.
పాలపాకెట్టు పళ్లతో కరిచిపట్టుకున్న ముసలాయన.
నాలుగో రోజు ఆ వరసలో నేనున్నాను,
భుజాల మీద కెజియా.
ఏదో డాబా మీంచి ఎవరో ఫోను పట్టుకుని తీస్తున్నారు.
వాళ్లకి మేమెలా కనపడ్డామో
ఇన్నాళ్లకి, ఈ కొండ మీద.

ఇంజను ఆపేశాను.
న్యూట్రల్లో పల్లానికి దొర్లనిచ్చాను,
నెలాఖర్లో ఫ్లైఓవరు దిగేటప్పుడు దొర్లనిచ్చినట్టు.
మంద ఏటి దగ్గర వంగింది. తాగుతోంది.
చచ్చినవాళ్లకి దాహం పెట్టాలని
ఆట చేసినవాళ్లలో ఎవరికి తోచిందో.

"చంపలేదా?" కెజియా కళ్లు తెరిచింది.
"లేదు."
"మరి పాయింట్లు?"
"పడుకో."

తెర మూల ఎర్రగా కొట్టుకుంటోంది పెట్రోలు గుర్తు.
రిజర్వులో పడ్డాక బండి ఎంతదూరం వస్తుందో
ఆటకన్నా నాకే బాగా తెలుసు.
వస్తుంది ఇంకొంచెం.
పొద్దున ఏడింటికి ఒక పల్సరు రావాలి,
క్లచ్చు ప్లేట్లు.